గేర్లు చెడిన సైకిలును పాత ఇనుముకు వేయకండి

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

విశాఖపట్నంలో ఒక కర్మాగారంలో ముప్ఫై ఏళ్లకు పైగా ఫిట్టరుగా పనిచేసి, ఉద్యోగ విరమణ చేసినవాడిని. మా అపార్ట్‌మెంటు సెల్లారులో పిల్లల కోసం కొన్న గేర్ల సైకిళ్లు పదకొండు ఉంటే, నడుస్తున్నవి మూడే. మిగిలిన ఎనిమిదింటిలో ఆరింటికి ఫ్రేము, రిమ్ములు, బ్రేకులు నిక్షేపంగా ఉన్నాయి, చెడినవి గేర్లు మాత్రమే. పాత ఇనుము కొనేవాళ్లు వచ్చినప్పుడల్లా వాటివైపు ఆశగా చూసి వెళుతుంటారు. వాటిని అమ్మేయకుండా ఒకే గేరు సైకిళ్లుగా, అంటే సింగిల్ స్పీడ్‌గా మార్చుకోవచ్చని, ఆ పనిలో ఎక్కడెక్కడ పొరపాటు జరుగుతుందో కూడా తోటి పాఠకులకు చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

మన ఊరి ఉప్పుగాలికి ముందుగా బలయ్యేది గేరు తీగ. అది ప్లాస్టిక్ తొడుగు లోపల తుప్పుపట్టి బిగుసుకుపోతుంది కాబట్టి బయటికి ఏమీ కనపడదు. పిల్లవాడు బలంగా మీట నొక్కితే ఆ మీటే విరుగుతుంది. ఇక సైకిలు కుడివైపుకు రెండుసార్లు పడిందంటే, చైనును ఒక పళ్ల చక్రం నుంచి మరో చక్రానికి మార్చే డిరైలర్ లోపలికి వంగిపోతుంది, ఏదో ఒకరోజు చువ్వల్లో ఇరుక్కుంటుంది. ఎనిమిదో తరగతి చదువుతున్న మా మనవడి సైకిలుకు జరిగింది ఇదే. మూడు దుకాణాలకు తిరిగితే మూడుచోట్లా ఒకే మాట విన్నాను: దీనికి సామాను దొరకదు, కొత్తది కొనండి.

ఇలాంటి కొండ సైకిలు (మౌంటెన్ బైక్) అంటే గేర్లు ఉండి తీరాలని, గేరు లేనిది పాలక్యానుల సైకిలని మనలో ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. కానీ ఈ సైకిళ్ల పుట్టుకే వేరు. 1976 అక్టోబరులో అమెరికాలోని కాలిఫోర్నియాలో, ఫెయిర్‌ఫాక్స్ ఊరి పక్క కొండ మీద నుంచి కొందరు యువకులు మట్టిదారిలో కిందికి పందెం వేసుకున్నప్పుడు, వారిలో చాలామంది తొక్కినవి 1930, 40ల నాటి బరువైన ఒకే గేరు సైకిళ్లే. పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు వాటికి ఉండేది. కొండ దిగేసరికి చక్రం నడిమి హబ్బులోని గ్రీజు కాలి పొగైపోయేది గనుక, మళ్లీ విప్పి గ్రీజు నింపవలసి వచ్చేది. ఆ దారికి, ఆ పందేనికి ‘రీప్యాక్’ (మళ్లీ నింపడం) అన్న పేరు అలా వచ్చింది. నేటికీ ఒకే గేరు కొండ సైకిళ్లకు విడిగా ప్రపంచ పోటీ జరుగుతుంది, గెలిచినవారికి పచ్చబొట్టు పొడుస్తారు. ఈ సంగతి మనవడికి చెప్పడం నా పొరపాటు. అప్పటి నుంచి వాడు పోటీ సంగతి వదిలేసి పచ్చబొట్టు అడుగుతున్నాడు.

ఇక పని విషయానికి వస్తాను. మన దగ్గర అమ్ముడయ్యే తక్కువ ధర గేర్ల సైకిళ్లలో చాలావాటికి వెనుక, పెడలు ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే, ఆరేడు పళ్ల చక్రాలున్న ఫ్రీవీల్‌ హబ్బు మీద మరతో బిగించి ఉంటుంది. ఆ మర, మామూలు సైకిలుకు వేసే 18 పళ్ల ఫ్రీవీల్ మర ఒకటే: 1.37 అంగుళాల వ్యాసం, అంగుళానికి 24 మరలు. ఈ ఒక్క విషయం తెలిస్తే సగం పని అయినట్టే, ఎందుకంటే ఆ ఫ్రీవీల్ దొరకని సైకిలు షాపు చిన్న ఊళ్లోనైనా ఉండదు. పాతదాన్ని ఊడదీయడమే కష్టం. తొక్కిన కొద్దీ అది బిగుస్తూ వస్తుంది కాబట్టి సుత్తితో కొట్టి లాభం లేదు. దానికి సరిపోయే గాళ్ల టూలును వైసులో (వస్తువును కదలకుండా పట్టే ఇనుప పరికరంలో) బిగించి, ఫ్రీవీల్‌ను దాని మీద కూర్చోబెట్టి, రెండు చేతులతో చక్రాన్నే స్టీరింగులా ఎడమవైపుకు తిప్పాలి. ఖరీదైన సైకిళ్లలో మరకు బదులు, పళ్ల చక్రాలను గాళ్ల మీదికి తొడిగే క్యాసెట్ హబ్బు ఉంటుంది. దానికి ఒక పళ్ల చక్రం పెట్టి మిగిలిన చోటును రింగులతో నింపితే సరిపోతుంది.

నా మొదటి ప్రయత్నం విఫలమైంది, దానికి కారణం నా తొందరే. పాత చైను బాగానే ఉంది కదా అని దాన్నే కొత్త ఫ్రీవీల్ మీద వేశాను. గేర్ల చైను సన్నది, లోపలి వెడల్పు అంగుళంలో 32వ వంతులు మూడు. మామూలు ఫ్రీవీల్ పళ్లు అంగుళంలో ఎనిమిదో వంతు చైనుకు తగినంత మందం. పళ్లు చైనులోకి దిగనే లేదు. వెడల్పు చైను తెచ్చి వేశాక తిరిగింది కానీ, హనుమంతవాక ఎత్తు దగ్గర పెడలు మీద బరువు వేయగానే చైను ఊడి మోకాలు హ్యాండిలుకు తగిలింది. పెడళ్ల దగ్గరి ముందు పళ్ల చక్రం, వెనుక ఫ్రీవీల్ ఒకే వరుసలో లేకపోవడమే దానికి కారణం. ఒకే గేరు సైకిలులో చైను వంకరగా నడవకూడదు, ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇదే. ఒంటి ఫ్రీవీల్ హబ్బుకు బాగా దగ్గరగా కూర్చుంటుంది, ముందున్న మూడు పళ్ల చక్రాల్లో మధ్యదేమో దానికంటే బయటికి ఉంటుంది. ఇరుసు విప్పి కుడివైపు వాషర్లలో కొన్నిటిని ఎడమవైపుకు మార్చితే హబ్బు అంతమేర కుడికి జరుగుతుంది. దానితోపాటు జరిగిన రిమ్మును, కుడి చువ్వలు వదులు చేసి ఎడమ చువ్వలు బిగిస్తూ మళ్లీ మధ్యకు తేవాలి. ఇందులో అనుకోని లాభం ఒకటి ఉంది. గేర్ల చక్రంలో కుడి చువ్వలు మరీ బిగువుగా, ఎడమవి వదులుగా ఉంటాయి. ఈ మార్పుతో రెండువైపులా బిగువు దగ్గరపడి చక్రం మునుపటికంటే గట్టిపడుతుంది.

పళ్ల లెక్క ఎవరి దారిని బట్టి వారు వేసుకోవాలి. మా సైకిలుకు ముందు 42, 34, 24 పళ్ల చక్రాలు మూడూ రివెట్లతో కలిసి ఉన్నందున మధ్యదాన్నే వాడుకున్నాను. 34 పళ్లకు 18 పళ్లు, 26 అంగుళాల చక్రం అయితే పెడలు ఒక చుట్టుకు సైకిలు సుమారు 3.9 మీటర్లు పోతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 14 కిలోమీటర్లు. అదే 42 పళ్ల చక్రం మీద వేస్తే 17 కిలోమీటర్లు వస్తుంది కానీ, రుషికొండ వైపు ఎత్తుల్లో పిల్లవాడు సీటు మీద కూర్చుని తొక్కలేడు. వేగం కోసం మోకాళ్లను పాడుచేసుకోవడం నాకు సమ్మతం కాదు. గేర్ల కోసం చేసిన ముందు చక్రాల్లో కొన్ని పళ్లు చైను సులువుగా దాటేందుకు కావాలనే పొట్టిగా కోసి ఉంటాయి. వీలున్నవారు దాని బదులు అన్ని పళ్లూ సమానంగా ఉన్న చక్రం వేసుకుంటే చైను ఊడే బాధ ఇంకా తగ్గుతుంది.

చైను బిగువు దగ్గర ఫ్రేము తయారీయే అడ్డు తగులుతుంది. మామూలు సైకిలులో ఇరుసు కూర్చునే గాడి అడ్డంగా, పొడవుగా ఉంటుంది, చక్రాన్ని వెనక్కి లాగి నట్లు బిగిస్తే చైను సర్దుకుంటుంది. గేర్ల సైకిళ్లలో చాలావాటికి ఆ గాడి నిలువుగా ఉండటంతో చక్రం వెనక్కి జరగదు. చైనులో ఒక జత లింకులు తీస్తే ఇరుసు అర అంగుళం జరగాలి, అర లింకు వాడితే పావు అంగుళం, వెనుక ఒక పన్ను మార్చితే అంగుళంలో ఎనిమిదో వంతు. ఈ లెక్కలతో అదృష్టం కలిసివస్తే చైను సరిగ్గా కుదురుతుంది. మాకు కుదరలేదు. అప్పుడు స్ప్రింగుతో చైనును ఒత్తిపట్టే టెన్షనర్ వేయక తప్పదు. దాన్ని చైనును పైకి నెట్టేలా అమర్చితే ఫ్రీవీల్ మీద ఎక్కువ పళ్లు పట్టుకుంటాయి. అడ్డగాడి ఉన్నవారు చైను మధ్యలో అర అంగుళం ఆట ఉండేలా బిగించుకుని, పెడలును పూర్తిగా ఒక చుట్టు తిప్పి చూడాలి. ఏ పళ్ల చక్రమూ అచ్చంగా గుండ్రంగా ఉండదు కాబట్టి ఒకచోట వదులుగా ఉన్నది మరోచోట బిగుసుకుంటుంది, ఎక్కడ ఎక్కువ బిగువుగా ఉందో అక్కడే కొలత తీసుకోవాలి. చక్రం జరిపాక బ్రేకు రబ్బరు టైరుకు రాసుకోకుండా రిమ్ము మీదే పడుతోందో లేదో చూడటం మరవకూడదు.

వెనుక సస్పెన్షన్ (కుదుపులు తగ్గించే స్ప్రింగు) ఉన్న సైకిలు జోలికి మాత్రం పోకపోవడం మంచిదని నా సలహా. గుంతలో పడినప్పుడల్లా వెనుక చక్రానికి, పెడలుకు మధ్య దూరం మారుతూ ఉంటుంది గనుక చైను బిగువు నిలవదు. అరకు ఘాటు ఎక్కాలనే ఉత్సాహం ఉన్నవారికి కూడా గేర్లే మేలు, అక్కడ ఒకే గేరుతో పౌరుషానికి పోవడం అవివేకం. బడికి, ట్యూషనుకు, ఉదయం బీచ్ రోడ్డుకు, కంబాలకొండ వైపు మట్టిదారికి అయితే ఇది చాలు. గేర్లు, మీటలు, తీగలు తీసేసరికి మా సైకిలు కిలో వరకు తేలికైంది, అయిన ఖర్చు కొత్త సైకిలు ధరలో పదో వంతుకు రాలేదు.

మీ పత్రిక ద్వారా రెండు మనవులు. సైకిలు షాపుల మెకానిక్‌లకు చక్రం బిగించడం, ఫ్రీవీల్ మార్చడం కొత్త పనులేమీ కావు. గేర్ల సైకిలు కనపడగానే సామాను లేదని తిప్పి పంపకుండా ఈ మార్పు చేసి పెడితే వారికీ నాలుగు రూపాయలు వస్తాయి. తయారీ సంస్థలు పిల్లల గేర్ల సైకిళ్లకు వెనుక గాడిని నిలువుగా కాక అడ్డంగా, కాస్త పొడవుగా పెడితే, గేర్లు పోయిన రోజున టెన్షనర్ కొనే అవసరం ఉండదు. మా సెల్లారులో మిగిలిన ఐదింటిలో రెండింటికి అటువంటి గాడే ఉంది. వాటి యజమానులు ఒప్పుకున్నారు, ఈ ఆదివారం ఫ్రీవీళ్లు ఊడదీస్తున్నాం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫిట్టరు,
మద్దిలపాలెం, విశాఖపట్నం.