గుత్తి అన్నకు, మీటరు మీద టేపు పీకినందుకు

ఈ పోస్టు రెండున్నర నెలల కిందటే పెట్టాల్సింది. ఇంట్లో పనులు, ఆస్పత్రి తిరుగుడు, వాటి మీద నా బద్ధకం, అన్నీ కలిసి ఇంతవరకు వచ్చింది. గుత్తిలో ఒక అన్న ఉన్నాడు, ఆటో ఎలక్ట్రీషియన్, చిన్న రేకుల షెడ్డు. పేరు రాయొద్దని ముందే చెప్పాడు కాబట్టి రాయడం లేదు. ఆయన ఫేస్‌బుక్కు చూడడు గానీ కూతురు చూస్తుంది. పాపా, ఇది మీ నాయనకు చదివి వినిపించు, మధ్యలో లేచిపోతే కూర్చోబెట్టి మరీ వినిపించు.

మాది అనంతపురం. మే నెలలో మా చెల్లెల్ని కర్నూలు నుంచి పుట్టింటికి తీసుకొస్తున్నాం, అప్పుడు ఏడో నెల. బండిలో నేను, అమ్మ, చెల్లెలు, ఐదేళ్ల మావాడు, డిక్కీ నిండా వాళ్ల అత్తగారు కట్టిచ్చిన ఓళిగలు, చక్కిలాలు. కారు అంతకు ఆరు నెలల ముందు సెకండ్ హ్యాండులో కొన్నది. టాప్ మోడలు, ఆరు ఎయిర్‌బ్యాగులు. ఈ ఆరు బ్యాగుల సంగతి నేను చెప్పని చుట్టం లేడు. అయితే కొన్న రెండు నెలలకే మీటర్లో ఎయిర్‌బ్యాగు లైటు, అదే, కూర్చున్న మనిషి ముందు గుండ్రంగా బంతిలా ఉండే బొమ్మ, వెలిగి ఇక ఆరలేదు. ఒక షాపులో చూపిస్తే "సెన్సారు ప్రాబ్లం అన్నా, బండి నడుస్తాంది కదా" అని దాని మీద గోరంత నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి పంపాడు. నాక్కూడా ప్రాణం హాయిగా అనిపించింది. ఏ షాపని అడగొద్దు, చెప్పను, సగం తప్పు నాదే.

డోన్ దాటి గుత్తి వైపు వస్తుంటే బ్రేకు తొక్కినప్పుడల్లా ఇంకో లైటు, ఎర్రది, నూనె చుక్క కారే పాతకాలం దీపం మాదిరిది, వెలిగి ఆరడం మొదలైంది. "అన్నా, ఎర్రగా ఏదో వెలుగుతోంది" అని చెల్లెలే చూసింది. మూడు రోజుల ముందే ఆయిల్ మార్పించాను కదా, ఏం కాదులే అన్నాను. ఇంకో కిలోమీటరు పోయేసరికి ఆరడం మానేసింది. సరే అని పక్కకు తీసి ఆపాను గానీ, మధ్యాహ్నం రెండు గంటలు, మే నెల ఎండ, కడుపుతో ఉన్న పిల్ల, అందుకని ఏసీ కోసం ఇంజను ఆపకుండా అట్లే పెట్టి ఎవరికి ఫోన్ చేద్దామా అని చూస్తున్నాను.

అప్పుడు టీవీఎస్ ఎక్సెల్ మీద పోతున్న ఈ అన్న ఆగాడు. కింద కారుతున్న ఆయిల్ మరక చూశాడేమో, బండి స్టాండు కూడా వేయకుండా పక్కన పడుకోబెట్టి పరిగెత్తి వచ్చి అద్దం మీద కొట్టి "ముందు ఇంజన్ ఆపు సామీ, మాటలు తర్వాత" అన్నాడు. ఆపాను. ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల, డిప్‌స్టిక్, తీసి తుడిచి మళ్లీ ముంచి చూపించాడు, కొసకు కూడా ఆయిల్ అంటలేదు. ఆయిల్ మార్చినవాళ్లు ఫిల్టరు సరిగ్గా బిగించలేదు, కర్నూలు నుంచి దారంతా కారుతూనే వచ్చింది. ఆయన చెప్పింది ఏమంటే, ఆ దీపం బొమ్మ ఆయిల్ తగ్గిందని ముందుగా చెప్పే లైటు కాదంట, లోపల ఆయిల్ ప్రెజర్ పడిపోయిందని చెప్పే లైటంట. అది వెలిగిందంటే ఇనుముకు ఇనుము రాసుకోవడం మొదలైనట్టే. ఏసీ పెట్టుకుని పది నిమిషాలు అట్లే కూర్చునుంటే ఇంజను పట్టేసేదన్నాడు.

ఆ తర్వాత ఆయన చేసినవి వరుసగా చెప్పాలంటే కష్టం, ఒకేసారి నాలుగు పనులు చేశాడు. ఇండికేటర్లు నాలుగూ వేయమన్నాడు, ఎర్ర ట్రయాంగిల్ ఎక్కడుందని అడిగాడు, నేను డిక్కీలో ఓళిగల గంప కింద వెతుకుతుంటే తిట్టాడు. ఎవరికో ఫోన్ చేసి ఆటో పిలిపించి "ఆడోళ్లను ఎండలో కూర్చోబెట్టొద్దు, మా ఇంట్లో కూర్చుంటారు, మా ఆమె ఉంది" అని అమ్మను, చెల్లెల్ని, పిల్లోణ్ణి పంపించాడు. తను ఎక్సెల్ మీద పోయి ఆయిల్ డబ్బా, ఫిల్టరు రెంచి తెచ్చి, గోనెసంచి పరుచుకుని బండి కిందికి దూరాడు. హైవే మీద ఇట్లా ఆగిపోతే 1033కి చేయొచ్చని, జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ అదేనని కింద నుంచే అరిచి చెప్పాడు. నలభై నాలుగో నంబరు హైవే మీద నేను పదేళ్లుగా తిరుగుతున్నాను, ఆ నంబరు ఆరోజే సేవ్ చేసుకున్నాను.

ఇంతవరకు సాయం అనుకుంటే, అసలు సాయం షెడ్డులో జరిగింది. బండి నెమ్మదిగా అక్కడికి తెచ్చాక, ఇంకో లైటేమైనా ఉందా చూద్దామని డ్రైవరు సీట్లో కూర్చుని తాళం సగం తిప్పాడు. ఇంజను స్టార్ట్ కాకముందు బొమ్మలన్నీ ఒక్కసారి వెలుగుతాయి కదా. వాటిని చూస్తూ ఒకచోట వేలు ఆపి, గోరుతో టేపు ముక్క కొసను లేపి, మెల్లగా పీకాడు. వెనక నుంచి ఎయిర్‌బ్యాగు బొమ్మ బయటపడింది. ఆయన నా వైపు చూడలేదు. టేపు ముక్కను నా చొక్కా జేబుకు అతికించి "ఇది ఎవురు పెట్టినారు సామీ" అన్నాడు. నేనేం చెప్పాలి.

బ్యాటరీ నెగటివ్ వైరు తీసేసి పది నిమిషాలు బండి ముట్టుకోవద్దన్నాడు. ఎయిర్‌బ్యాగు వైర్ల జోలికి పోయేముందు అట్లా తీసి ఆగాలంట, లోపల మిగిలిన కరెంటుతో బ్యాగు పేలే ప్రమాదం ఉంటుందని. ఆ పది నిమిషాల్లో టీ తెప్పించి నాకు పాఠం చెప్పాడు. నిజానికి నలభై నిమిషాలు చెప్పాడు.

ఆ లైటు తాళం వేయగానే వెలిగి నాలుగైదు సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే, ఎక్కడో తప్పుందని బండి చెప్తున్నట్టు, గుద్దుకున్నప్పుడు బ్యాగులు తెరుచుకోకపోవచ్చు. బెల్టును ఆ క్షణంలో గట్టిగా వెనక్కి లాగే ప్రిటెన్షనర్ అనే భాగం కూడా అదే సిస్టమ్‌లో ఉంటుంది కాబట్టి అదీ పని చేయకపోవచ్చు. అసలు వెలగనే వెలగకపోతే అది ఇంకా అనుమానం. పాత బండ్లు అమ్మేవాళ్లలో కొందరు ఆ బల్బే తీసేస్తారంట. సెకండ్ హ్యాండు కొనేవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, టైర్లు తన్ని చూడటం కాదు, తాళం సగం తిప్పి ఏది వెలిగింది, ఏది ఆరింది చూడండి. మిగతా లైట్ల గురించి ఆయన లెక్క సింపులు: ఎరుపైతే బండి పక్కకు తీసి ఆపు, పసుపైతే పోవచ్చు గానీ తొందరగా చూపించు, పచ్చా నీలమూ అయితే ఏదో ఆన్‌లో ఉందని అర్థం. పసుపులో ఒక్క ఇంజను బొమ్మ టపటపా కొట్టుకుంటే మాత్రం దాన్నీ ఎరుపు కిందే లెక్కేసుకో అన్నాడు.

"మరి నాకు ఆరు బ్యాగులున్నాయి కదన్నా" అన్నాను, ఇంకా సిగ్గు లేకుండా. స్టీరింగు మీద ఎస్‌ఆర్‌ఎస్ అని ఉన్న అక్షరాలు చూపించి, మొదటి ఎస్ అంటే సప్లిమెంటల్, అంటే తోడు అని చెప్పి ఒక మాటన్నాడు: "బెల్టు పెళ్లికొడుకు, బ్యాగు తోడుపెళ్లికొడుకు. పెళ్లికొడుకు లేకుండా తోడుపెళ్లికొడుకును పీటల మీద కూర్చోబెడతావా?" బ్యాగు దిండు లాగా మెత్తగా రాదు, కన్ను మూసి తెరిచేలోపు, సెకనులో ముప్పయ్యో వంతు సమయంలో, గంటకు 300 కిలోమీటర్ల వేగంతో దూసుకొచ్చి వెంటనే గాలి వదిలేస్తుంది. బెల్టు లేనివాడు అప్పటికే ముందుకు తూలి ఉంటాడు, దానికి ఎదురు పోయి తగులుతాడు. ఛాతీకీ స్టీరింగు మధ్యభాగానికీ జానెడు మీద రెండు వేళ్లు ఎడం ఉండాలని నా గుండె మీద జాన పెట్టి మరీ కొలిచాడు. నాకు రెండు వేళ్లు తక్కువ వచ్చింది. సీటు వెనక్కి జరిపించాడు.

సీటు కింద చూస్తే దొరికింది తప్పు. నేను గొడుగు, నీళ్ల బాటిలు, గుడ్డలు అన్నీ అక్కడే తోస్తాను. వాటి తాకిడికి పసుపు రంగు కనెక్టరు ఒకటి సగం ఊడి ఉంది. ఎయిర్‌బ్యాగు వైర్లు పసుపులో ఉంటాయంట, చెయ్యి పెట్టకూడదని గుర్తుగా. దాన్ని తుడిచి, టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కి, బ్యాటరీ కలిపి, స్కానరు పెట్టి పాత ఎర్రర్ తీసేశాడు. తాళం తిప్పాం. వెలిగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆరింది. నాలుగు నెలలు టేపు కింద దాచిపెట్టిన రోగం ఒక క్లిప్పు నొక్కితే పోయింది. నేను వేయించిన సీటు కవర్ల వల్ల పక్క బ్యాగులు బయటికి రావడానికి దారే లేదని ముందు రెండు సీట్లవీ విప్పించేశాడు, బ్యాగు వచ్చే చోట కుట్టు తెగే రకం కవర్లు వేరే ఉంటాయంట. ఆ కవర్లు ఏడు వేలు. పోనీలే.

ఇక మా ఆడవాళ్ల సంగతి. చెల్లెలు ముందు సీట్లో కూర్చుని, కడుపు నొక్కుకుంటుందని బెల్టు పెట్టుకోలేదు. టింగ్ టింగ్ అని మోగుతుంటే అమ్మ బెల్టును దాని వీపు వెనక నుంచి తిప్పి బిగించేసింది, బండి పాపం నమ్మేసింది. ఇంకొందరు ఆ మోత ఆపడానికి ఉత్త క్లిప్పు గుచ్చుతారు, అవి ఆన్‌లైన్‌లో అమ్మొద్దని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఐదు ఈ-కామర్స్ కంపెనీలకు ఆర్డరు వేసింది కూడా. ఆ గుత్తి అన్న మా చెల్లెలి దగ్గరికి తను రాలేదు, భార్యను పిలిచి, దూరంగా నిలబడి తన నడుం మీద చూపిస్తూ చెప్పించాడు: కింది పట్టీ కడుపు మీద కాదు, కడుపు కింద, తుంటి ఎముకల మీదికి రావాలి, పై పట్టీ భుజం మధ్య నుంచి ఛాతీ మీదుగా కడుపు పక్కకు దిగాలి, చంక కిందికి పోకూడదు. ఆ వదిన చేత్తో సర్ది "నొప్పి ఉందా అమ్మీ" అని అడిగింది. లేదంది. ఏడు నెలల్నుంచి బెల్టు పెట్టుకోని పిల్ల.

మావాడు రెండు సీట్ల మధ్య నిలబడి వచ్చాడని తెలిసినప్పుడు మాత్రం ఆయనకు నిజంగా కోపం వచ్చింది. అలిసిపోతే ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకుంటాం అని అమ్మ అమాయకంగా ఇంకో మాట కలిపింది. ఒళ్లో పిల్లోడుంటే వెనక మనిషి బరువు, ముందు బ్యాగు దెబ్బ, మధ్యలో వాడు. పిల్లలు వెనక సీట్లో, బెల్టు మెడకు తగలకుండా ఎత్తు సీటు మీద. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టో చైల్డ్ సీటో లేకపోతే 1000 రూపాయల జరిమానా అని 2019 నుంచి చట్టంలోనే ఉందంట. "వెనక కూర్చుంటే బెల్టు ఎందుకు నాయనా" అని అమ్మ అంటే, 2022 సెప్టెంబరులో మహారాష్ట్రలో పాల్ఘర్ దగ్గర టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ పోయింది వెనక సీట్లోనే, బెల్టు లేకనే అని గుర్తుచేశాడు. ముందు బెల్టులతో ఉన్నవాళ్లు దెబ్బలు తగిలినా బతికారు. అమ్మ ఇంకేం మాట్లాడలేదు.

చివరగా దేవుడి సంగతి, ఇది రాయకపోతే అమ్మ ఊరుకోదు. డ్యాష్‌బోర్డు మీద ఎడమ వైపు, సరిగ్గా ఎయిర్‌బ్యాగు మూత మీద, అమ్మ వెంకటేశ్వరస్వామి విగ్రహం అతికించింది. దాన్ని ఆయన ముట్టుకోలేదు. దండం పెట్టుకుని "ఆ మూత తెరుచుకుంటే సామి బాణం మాదిరి మీ మీదికే వస్తాడు, మీరే తీసి ఇంట్లో పెట్టుకోండమ్మా" అన్నాడు. స్వామి ఇప్పుడు మా వంటింట్లో ఉన్నాడు.

ఆయిల్ డబ్బులు తప్ప కూలీ తీసుకోలేదు. ఎంత బతిమాలినా లేదు. డిక్కీలోంచి ఓళిగల డబ్బా ఒకటి వదిన చేతికిచ్చాం, దానికి బదులు ఆమె ఉగ్గాని, బజ్జీలు పొట్లం కట్టి ఇచ్చింది. గుత్తి నుంచి అనంతపురం దాకా నలుగురం బెల్టులతో వచ్చాం, మావాడు వెనక అమ్మ పక్కన మడిచిన దుప్పటి మీద. అది ఆ పూటకు సర్దుబాటే, మరుసటి వారం బూస్టర్ సీటు తెప్పించాను.

అన్నా, పన్నెండు రోజుల కింద చెల్లెలికి ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ బాగున్నారు. ఇరవయ్యొకటో రోజు పేరు పెడుతున్నాం. మీరు, వదిన, పాప ముగ్గురూ రావాలి, అమ్మ ఓళిగలు చేయిస్తోంది. బండి నేనే తెస్తాను. ఆ టేపు ముక్క ఇంకా నా పర్సులో ఉంది, కావాలంటే తాళం సగం తిప్పి మీరే చూసుకోండి.