పూర్వ విద్యార్థుల సంఘం వార్షిక నివేదిక (2024–25): ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో మన పని

సభ్యులందరికీ నమస్కారం.

దివిసీమలో మనమంతా చదువుకున్న జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఈ విద్యాసంవత్సరం ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు ఏం చేశారో, సంఘం వాళ్లకు ఎంతవరకు తోడు నిలిచిందో మీ ముందు పెడుతున్నాను. జమాఖర్చులు కోశాధికారి గారు సర్వసభ్య సమావేశంలో విడిగా చదువుతారు కాబట్టి ఆ వివరాల్లోకి నేను వెళ్లడం లేదు.

కిందటేడు మనం ఒక నిర్ణయం తీసుకున్నాం. గోడలకు రంగులు, బెంచీలు, బీరువాలు ఏదో ఒక పథకం కింద వస్తూనే ఉన్నాయి, మన డబ్బు మాత్రం పిల్లలు తమ చేతులతో చేసే పనులకే పెడదాం అని. కొందరు పెద్దలు అప్పుడు సందేహించారు. ఏడాది తిరిగాక ఆ నిర్ణయం మంచిదేనని గట్టిగా చెప్పగలను. ఈ ఏడాది పిల్లలు బాగా పట్టుకున్న పాఠాలన్నీ మన సీమ నుంచి వచ్చినవే. ఏరు, ఉప్పునీరు, మడ అడవి, ఉప్పెన.

వరద నేర్పిన లెక్క

సెప్టెంబరు మొదట్లో కృష్ణకు వచ్చిన వరద సంగతి దూరాన ఉన్న సభ్యులు కూడా టీవీల్లో చూసే ఉంటారు. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదైంది. 2009 అక్టోబరు నాటి 11.10 లక్షల క్యూసెక్కుల రికార్డు కూడా దీని ముందు తక్కువే. లంక గ్రామాల పిల్లలు కొన్నాళ్లు బడికి రాలేదు. అరటి, పసుపు, కంద నీళ్లలో ఉండిపోయాయి. పుస్తకాలు తడిసిపోయిన పిల్లలందరికీ సంఘం తరఫున నోటుపుస్తకాలు, పెన్నులు, జామెట్రీ బాక్సులు అందించాం.

బడి మళ్లీ తెరిచిన రోజు లెక్కల మాస్టారు పాఠం పక్కన పెట్టి బోర్డు మీద ఒకే ప్రశ్న రాశారు. ఆ వరదలో ఒక టీఎంసీ నీళ్లు బ్యారేజీ దాటడానికి ఎంతసేపు పట్టి ఉంటుంది? టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. రోజూ వార్తల్లో వినే మాటలే అయినా వాటి అర్థం చాలామంది పిల్లలకు అప్పుడే తెలిసింది. ఏడో తరగతి వాళ్లు సున్నాల దగ్గర తికమక పడ్డారు. తొమ్మిది సున్నాలు వేసి చెరిపి మళ్లీ వేసుకుంటుంటే మాస్టారు పదిమీద తొమ్మిది రాసి చూపించారు. ఘాతాంకాలు ఎందుకో వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. భాగిస్తే 875 సెకన్లు వచ్చింది. అంటే పద్నాలుగున్నర నిమిషాలకొక టీఎంసీ. రోజంతా అదే ఉధృతితో పారితే దాదాపు 99 టీఎంసీలు. లంకలో అరటి తోట పోయిన ఇంటి కుర్రాడు ఒకడు అక్కడితో ఆగలేదు. ఘనపుటడుగుకు 28.3 లీటర్ల చొప్పున వేసి, సెకనుకు మూడు కోట్ల ఇరవై మూడు లక్షల లీటర్లని తేల్చాడు. ఆ కాగితం ఇప్పటికీ ఎనిమిదో తరగతి గోడ మీదే ఉంది.

ఉప్పునీటి పటం

సంఘం ఈ ఏడాది కొనిచ్చిన వాటిలో ఖరీదు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్నది నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్లే. సైన్సు టీచరు గారి ఆధ్వర్యంలో ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు తమ తమ ఇళ్ల బోర్ల నుంచి, చేతిపంపుల నుంచి, పంటకాలవల నుంచి సీసాల్లో నీళ్లు తెచ్చారు. ప్రతి సీసాకూ వీధి పేరు, పట్టిన తేదీ, బోరు లోతు రాసిన చీటీ అంటించారు. తాగేనీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములకు లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 2000 దాకా ఒప్పుకోవచ్చు అన్నది మన దేశపు ప్రమాణం. ఈ రెండు అంకెల మధ్య పచ్చ, పసుపు, ఎరుపు రంగులు పెట్టుకుని ఊరి పటం మీద చుక్కలు పెట్టారు. అక్టోబరులో ఒకసారి, మార్చిలో ఒకసారి.

రెండు పటాలు పక్కపక్కన పెట్టి చూస్తే కాలవ పొడవునా ఉన్న పచ్చ చుక్కలు కొన్ని ఎండాకాలానికి పసుపు అయ్యాయి. రొయ్యల చెరువుల వైపు, సముద్రం వైపు వీధుల్లో ఎరుపు రెండు పటాల్లోనూ ఉంది. మన నాన్నల కాలంలో ఏ బావి నీళ్లు తియ్యనో నాలుకతో తెలిసేది. ఇప్పుడు పిల్లల దగ్గర కాగితం మీద ఉంది. ప్రధానోపాధ్యాయులు ఆ పటాన్ని గ్రామసభలో పెట్టారు. పన్నెండేళ్ల పిల్ల లేచి ఎర్రచుక్కలున్న వీధుల పేర్లు చదువుతుంటే పెద్దలు మారుమాట లేకుండా విన్నారు.

ఈ పని నుంచే మరో మంచి జరిగింది. నీళ్లలో ఉప్పు పెరిగితే విద్యుత్తు ఎక్కువ ప్రవహిస్తుందన్న సూత్రం మీద చిన్న బల్బు వెలిగే పరికరాన్ని ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరు ఆలోచించింది. ఇన్‌స్పైర్ మనక్ అనే, బడిపిల్లల కొత్త ఆలోచనలను ప్రోత్సహించే కేంద్ర పథకానికి బడి పంపిన ఐదు ఆలోచనల్లో అదొకటి. ఎంపికైంది. నమూనా తయారీకి ఆ పథకం ఇచ్చే పదివేల రూపాయలు నేరుగా ఆమె ఖాతాలోకే వస్తాయి. వైర్లు, బ్యాటరీలు సమకూర్చే బాధ్యతను విజయవాడలో ఉన్న మన సభ్యులు తీసుకున్నారు.

జనవరిలో మడ అడవులు చూపించడానికి తీసుకెళ్లాం. ఉప్పు పొన్న, తిల్ల, మడ చెట్లను పిల్లలు ఆకులు చూసి గుర్తుపట్టడం నేర్చుకున్నారు. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన శ్వాసవేళ్లు చూసి, చెట్టు వేళ్లతో గాలి పీల్చుకుంటుందా అని ఆరో తరగతి పిల్లలు అడిగిన ప్రశ్నలకు టీచరు గారు అక్కడే పడవలో పాఠం చెప్పారు. బావురుపిల్లి కనపడలేదు కానీ గట్టు మీద అడుగుజాడలు చూపించారు. ఫిబ్రవరి 28 సైన్సు దినోత్సవానికి తీరానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ల మీద పిల్లలే చార్టులు గీశారు.

ఉప్పెన పుస్తకం

నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచిన పని ఇది. 1977 నవంబరు 19, శనివారం. తుపానుకు సముద్రం ఊళ్ల మీదికి వచ్చిన ఆ ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే పదివేల మంది దాకా పోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి పేర్లు చెబితే మన సీమలో ఇప్పటికీ పెద్దవాళ్ల గొంతు మారుతుంది. ఆ రోజు ప్రాణాలతో బయటపడ్డవాళ్లు వయసు మీదపడి ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ఇది గమనించి సోషల్ టీచరు గారు ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక్కొక్కరికి ఒక నోటుపుస్తకం ఇచ్చి, ఇంట్లోనో వీధిలోనో ఆనాటి మనిషి దగ్గర కూర్చుని రాసుకు రమ్మన్నారు. ముందు ఇంట్లో అనుమతి అడగాలి, చెప్పేవాళ్లు ఏడిస్తే ఆపేయాలి, వాళ్ల మాటను మార్చకూడదు. టీచరు గారు పెట్టిన నియమాలు ఇవే.

వచ్చిన పుస్తకాలు నేను చదివాను. ఒక నాయనమ్మ తుమ్మచెట్టుకు చీరతో తనను తాను కట్టుకుని తెల్లారేదాకా ఉన్న సంగతి, ఇంట్లో కొడుకులకు కూడా ఇంత వివరంగా ఎప్పుడూ చెప్పలేదట. మనవరాలు పుస్తకం పట్టుకుని ఎదురుగా కూర్చుంటే చెప్పింది. ఇంకొకాయన నీళ్లు తీశాక దాహానికి మంచినీళ్లు దొరక్క పడిపోయిన కొబ్బరిచెట్ల కాయలు కొట్టుకు తాగడం గురించి చెప్పారు. ఎటు చూసినా నీళ్లే, తాగడానికి మాత్రం చుక్క లేదని ఆ పిల్లవాడు కింద తన మాటగా రాసుకున్నాడు. అక్షరదోషాలు ఉన్నాయి. వాటిని దిద్దకుండానే ఉంచాలని టీచరు గారి అభిప్రాయం, నాదీ అదే.

చదవడం, రాయడం

ఆరో తరగతిలో చేరిన పిల్లల్లో కొందరు తెలుగులో ఒక పేరా తడబడకుండా చదవలేకపోతున్నారు. దీన్ని దాచిపెట్టి లాభం లేదు. తెలుగొక పేజీ, ఇంగ్లీషు ఎదురు పేజీగా ఉన్న పాఠ్యపుస్తకాలు బాగున్నాయి, కానీ ఈ పిల్లలకు రెండు పేజీలూ సమానంగా దూరమే. సాయంత్రం చివరి పీరియడ్లో ఊళ్లో ఉన్న మన పెద్దలు వంతులవారీగా వచ్చి కూర్చున్నారు. రిటైరైన పోస్ట్‌మాస్టర్ గారు పిల్లల చేత యాభై పైసల పోస్టుకార్డులు రాయించారు. మీలో కొందరికి అందిన కార్డులు వాళ్లు రాసినవే. జవాబు రాసినవారికి ధన్యవాదాలు. రాయనివారు దయచేసి ఇప్పుడైనా రాయండి, ఆ పిల్లలు పోస్ట్‌మ్యాన్ కోసం ఎదురుచూస్తున్నారు.

ఎనిమిదో తరగతి వాళ్లు డిసెంబరులో రాసిన కేంద్ర ప్రభుత్వ ఉపకారవేతనాల ఎన్‌ఎంఎంఎస్ పరీక్షకు హైదరాబాదు, బెంగళూరుల్లోని మన సభ్యులు ఆదివారాలు వీడియోకాల్లో తర్ఫీదు ఇచ్చారు. రీజనింగ్ పేపరంటే మొదట్లో పిల్లలకు చాలా టెన్షన్. తొంభై నిమిషాల్లో తొంభై ప్రశ్నలు మరి. ముగ్గురు ఎంపికయ్యారు, ముగ్గురూ అమ్మాయిలే. తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు వరకు ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. ఒకమ్మాయి తల్లి రొయ్యల షెడ్డులో పనిచేస్తుంది. పిల్ల చదువు మాన్పించాలన్న మాట ఇక ఆ ఇంట్లో వినపడదు.

ఆగస్టు 29న గిడుగు వారి జయంతి, డిసెంబరు 7న తల్లిదండ్రుల సమావేశం, మండలస్థాయి ఆటలు బాగా జరిగాయి. కబడ్డీలో అమ్మాయిల జట్టు ఫైనల్ దాకా వెళ్లింది.

సంక్రాంతి తర్వాత ఎనిమిదో తరగతి అబ్బాయిల హాజరు బాగా పడిపోయింది. రొయ్యల చెరువుల్లో పట్టుబడి రోజుల్లో, అంటే రొయ్యలు పట్టి తీసే రోజుల్లో, కూలి దొరుకుతుందని వెళ్తున్నారు. ఇళ్లకు వెళ్లి మాట్లాడితే కొందరు తిరిగొచ్చారు, కొందరు రాలేదు. వచ్చే ఏడాది దీనికే మొదట సమయం కేటాయించాలని కార్యవర్గం అనుకుంటోంది. ఊళ్లో ఉన్న సభ్యులు తలా రెండు మూడు ఇళ్ల బాధ్యత తీసుకుంటే చాలావరకు ఆపవచ్చు.

ఉప్పెనకు 2027 నవంబరు 19తో యాభై ఏళ్లు నిండుతాయి. అప్పటికి పిల్లల నోటుపుస్తకాలను ఒకే సంపుటంగా అచ్చు వేయించాలన్న ప్రతిపాదన ఈసారి సమావేశంలో చర్చకు వస్తుంది. ఆనాటి ఫొటోలు, ఉత్తరాలు, పాత రేషన్ కార్డులు మీ ఇళ్లలో ఉంటే ప్రధానోపాధ్యాయులకు గానీ, నాకు గానీ అందించండి. నకళ్లు తీసుకుని అసలువి జాగ్రత్తగా తిరిగి ఇస్తాం. ఇంకా ఎవరి మాటా రాసుకోని పెద్దలు మీ వీధిలో ఉంటే వాళ్ల పేర్లు ముందుగా చెప్పండి, వేసవి సెలవులు అయ్యేలోపే పిల్లల్ని పంపిస్తాం.

కార్యదర్శి
పూర్వ విద్యార్థుల సంఘం