రెండోసారి కూడా వచ్చినవారికి

నాయనకు బుగ్గ లోపల క్యాన్సర్ అని తేలిన మొదటిసారి మా దేవరకొండ ఇంటికి రానివాళ్లు లేరు. పండ్లు తెచ్చారు, పాలు తెచ్చారు, సలహాలైతే బస్తాల కొద్దీ తెచ్చారు. పది నెలలకు కుట్టు పక్కనే మళ్లీ పుండు లేచింది. ఈసారి వాకిట్లో చెప్పుల జతలు తగ్గాయి. ఎవరినీ తప్పుపట్టడం లేదు. తిరగబెట్టిందంటే ఇక అయిపోయినట్లేనని మేమూ అనుకున్నాం. అప్పుడు కూడా వచ్చిన కొద్దిమందికి ఈ కృతజ్ఞతలు.

ముందు మా తప్పు చెప్పాలి. మొదటి ఆపరేషన్ తర్వాత, మెడలో తీసిన ఒక లింఫ్ గ్రంథిలోనూ క్యాన్సర్ ఉందని రిపోర్టు వచ్చింది. ఆరు వారాల లోపు రేడియేషన్ మొదలుపెట్టాలని డాక్టర్ చెప్పారు. "కోసి తీసేశారు కదా, మళ్లీ కాల్చుకోవడం దేనికి?" అన్నాడు నాయన. బత్తాయి తోట మీద తెచ్చిన అప్పు అప్పటికే ఖర్చయిపోయింది. నేనూ గట్టిగా పట్టుబట్టలేదు.

తిరగబెట్టాక మాత్రం నింద కత్తి మీదికి పోయింది. బుగ్గలో పుండుకు మెడ కోయడం వల్లే పాకిందన్నారు. రెండోసారి చూసిన సర్జన్ ఓపికగా వివరించారు: 2015లో ముంబైలోని టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వైద్యులు ప్రచురించిన ఫలితాల్లో, తొలి దశ నోటి క్యాన్సర్‌కు పుండుతో పాటే మెడ గ్రంథులు తీయించుకున్నవారిలో మూడేళ్లకు 80 శాతం మంది బతికి ఉన్నారు, మెడలో కనిపించాక తీద్దామని ఆగినవారిలో 67.5 శాతమే. మా విషయంలో ఎగ్గొట్టింది రేడియేషన్, అదీ మేమే.

రెండో ఆపరేషన్ ఆరోగ్యశ్రీ కింద హైదరాబాద్ ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో జరిగింది. దవడ ఎముక కొంత తీసి, ఛాతీ కండరాన్ని చర్మంతో సహా పైకి తిప్పి బుగ్గ కట్టారు. కొన్నాళ్లకు నోట్లో ఛాతీ వెంట్రుకలు మొలిచాయి! "ఇక లోపల కూడా గడ్డం గీయాలా?" అని నాయన పలక మీద రాసి చూపించాడు. రేడియేషన్‌లో అవి రాలిపోయాయి.

తోటను గుత్తకు పట్టిన వ్యాపారి కాత చూడకుండానే మొత్తం డబ్బు చేతిలో పెట్టారు. ఆ ఏడు కాయ రాలిపోయినా పైసా తిరిగి అడగలేదు. మలక్‌పేట మేనత్త ఆరు వారాలు మమ్మల్ని ఇంట్లో పెట్టుకుంది. వారానికి ఐదు రోజుల చొప్పున 30 సిట్టింగులు, మధ్యలో కీమో. మూడో వారానికి నోరంతా పుండ్లు, ముక్కులో గొట్టం. గొట్టం పూడుకుపోకుండా రాగిజావను ఆమె రోజూ పలుచటి గుడ్డలో వడగట్టేది. నోరు బిగుసుకుపోకుండా ఐస్‌క్రీం పుల్లలు పళ్ల మధ్య పెట్టి, ఒక్కొక్కటే పెంచడం నేర్పిన నర్సమ్మకు దండం.

మా వీధి కిరాణా అన్న సంగతి వేరు. ఇంటికొచ్చిన రెండో నెలలో నాయన ఒక పిల్లవాడికి పది రూపాయలిచ్చి ఖైనీ తెమ్మని పంపాడు. ఆయన ఇవ్వలేదు. కొట్టు కట్టేసి, మజ్జిగ చెంబుతో వచ్చి నాయన మంచం పక్కన కూర్చున్నారు. ఏమీ మందలించలేదు. మర్నాటికి కొట్టు ముందు వేలాడే ఖైనీ, వక్కపొడి దండలు లేవు. ఆ అమ్మకంలో ఆయనకు ఎంత మిగిలేదో నాకు తెలుసు. అదే కొట్టులో నేను రెండేళ్లు లెక్కలు రాశాను.

తిరగబెట్టేవాటిలో ఎక్కువ భాగం మొదటి రెండేళ్లలోనే కనిపిస్తాయట. మాకిది ఇరవయ్యో నెల. రెండు నెలలకోసారి చూపిస్తున్నాం, ఇప్పటికి ఏమీ లేదు. నోరు రెండు వేళ్లంత తెరుచుకుంటుంది. పాలలో నానేసిన సజ్జరొట్టె తింటున్నాడు. బత్తాయి రసం మాత్రం ఇంకా మండుతోంది.

ఆపరేషన్ రోజు రక్తం ఇచ్చిన డిగ్రీ విద్యార్థులు ఇద్దరూ ఇది చదివితే: తొందరలో మీ పేర్లు కూడా అడగలేదు. దేవరకొండ వైపు వస్తే తోటకు రండి, నాయన మిమ్మల్ని చూడాలంటున్నాడు.