అన్నీ విషజ్వరాలేనా?

సంపాదకులకు నమస్కారం.

వానలు మొదలైనప్పటి నుంచి ప్రాణహితకు ఇరువైపులా ఉన్న ఊళ్ల గురించి మీ పత్రికలో ఏ వార్త వచ్చినా ‘విషజ్వరాలు’ అన్న మాటే కనబడుతోంది. ఆ ఒక్క మాటలో మలేరియా, టైఫాయిడ్, డెంగీలను కలిపేయడం వల్ల మహారాష్ట్రలోని మా సిరొంచ తాలూకాలో జరుగుతున్న నష్టాన్ని మీ దృష్టికి తెస్తున్నాను.

టైఫాయిడ్‌కు కారణం బ్యాక్టీరియా, డెంగీకి వైరస్. మా గడ్చిరోలి జిల్లాను ఏళ్ల తరబడి పీడిస్తున్న మలేరియాకు ఆ రెండూ కాని పరాన్నజీవి. బ్యాక్టీరియా ఒకే కణమైనా పూర్తి ప్రాణి. ఆహారం తీసుకుని తనంత తానే రెండుగా చీలి పెరుగుతుంది, పాలను పెరుగు చేసేదీ ఆ జాతే. వైరస్ అంటే కాస్త జన్యుపదార్థం, దాని మీద మాంసకృత్తుల తొడుగు. మన కణంలోకి జొరబడి ఆ కణం చేతనే తన నకళ్లు చేయించుకుంటుంది. 1892లో రష్యా శాస్త్రవేత్త ఇవనోవ్‌స్కీ తెగులు సోకిన పొగాకు ఆకుల రసాన్ని బ్యాక్టీరియాను ఆపేసే వడపోత గుండా పంపినా, ఆ రసం మరో మొక్కకు తెగులు అంటించింది. 1898లో డచ్ శాస్త్రవేత్త బైయరింక్ ఆ కారకాన్ని వైరస్ అన్నారు. లాటిన్‌లో ఆ మాటకు విషమనే అర్థం కనుక డెంగీని విషజ్వరమన్నా సరిపెట్టుకోవచ్చు గాని టైఫాయిడ్‌ను అనడం ఎలా చెల్లుతుంది?

పెన్సిలిన్ అనే యాంటీబయాటిక్ మందు, బ్యాక్టీరియా తన చుట్టూ గోడ కట్టుకోకుండా అడ్డుపడుతుంది; ఆ గోడే లేని వైరస్‌ను అది ఏమీ చేయలేదు. మా మిరప రైతులు ఈ సంగతి చేలోనే నేర్చుకున్నారు: ఆకుముడత వైరస్ సోకిన మొక్క మందుకు బాగుపడదని దాన్ని పీకేసి, వైరస్‌ను మోసుకొచ్చే తెల్లదోమ మీదే మందు కొడతారు.

పోయిన నెల మా తమ్ముడి కొడుక్కి జ్వరం వస్తే ఒక మందుల దుకాణంలో ‘విషజ్వరమట’ అని చెప్పగానే నాలుగు యాంటీబయాటిక్ మాత్రలు కత్తిరించి ఇచ్చారు. డాక్టరు చీటీ లేకుండా వాడకూడదని చెప్పే ఎర్ర గీత ఆ ముక్క మీద ఉంది, మందు పేరున్న భాగం దుకాణంలోనే ఉండిపోయింది. మూడో రోజు రక్తపరీక్షలో డెంగీ అని తేలింది. అదే మలేరియా అయి ఉంటే ఆ రెండు రోజులు పిల్లవాడి ప్రాణం మీదికి వచ్చేవి.

ఇక్కడ ఆసుపత్రి బోర్డులు మరాఠీలో, మాత్రల మీది హెచ్చరిక ఇంగ్లీషులో ఉంటాయి. మా ఇళ్లలో పెద్దలు చదవగలిగేది మీ పత్రిక ఒక్కటే. కాబట్టి పరీక్షలో తేలిన జ్వరాన్ని దాని పేరుతోనే రాయండి, పరీక్ష జరగకపోతే ‘కారణం తేలని జ్వరం’ అని రాయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సిరొంచ, గడ్చిరోలి జిల్లా