గూటి పెట్టెతో పాటు పురుగులుండే చెట్టూ కావాలి

సంపాదకులకు నమస్కారం.

పిట్టల కోసం గూటి పెట్టెలు అమర్చేవారు పెరగడం సంతోషించదగ్గ విషయమే. అయితే ఎన్ని పెట్టెల్లో గుడ్లు పెట్టాయి, ఎన్ని పిల్లలు ఎగిరిపోయాయి అన్న లెక్కతోనే మనం తృప్తిపడుతున్నాం. ఆ పిల్లలు ఎంత బరువుతో గూడు వదిలాయని అడిగేవారు తక్కువ.

పాడే పక్షుల పిల్లలు గుడ్డులోంచి బయటపడేటప్పటికి కళ్లు తెరవవు, ఒంటిమీద ఈకలు ఉండవు. గ్రేట్ టిట్ అనే చిన్న పిట్ట పిల్ల గ్రాముకు కాస్త ఎక్కువ బరువుతో పుట్టి, పక్షం రోజులు తిరిగేసరికి 16, 17 గ్రాములకు చేరుకుంటుంది. ఆ కొద్ది రోజుల్లో ఎముక, కండ, ఈక అన్నీ ఏర్పడటానికి కావలసిన సరుకంతా తల్లిదండ్రులు ముక్కున కరచి తేవలసిందే. పెద్దయ్యాక ఎక్కువగా గింజలు తిని బతికే పిచ్చుక కూడా తన పిల్లలకు మొదట్లో పురుగులే పెడుతుంది.

పెట్టెకు కొంత దూరంలో గంటసేపు కదలకుండా కూర్చుంటే చాలు, తేడా తెలిసిపోతుంది. దగ్గర్లో పురుగులున్న చెట్టు ఉంటే తల్లి మెత్తని పచ్చపురుగుతో నిమిషాల్లో తిరిగి వస్తుంది. పిల్ల దాన్ని మింగి, వెనక్కి తిరిగి, తెల్లని పొరలో చుట్టిన రెట్టను వదిలితే దాన్నీ ముక్కున పట్టుకుని బయట పారేసి వస్తుంది. చెట్లు పలచబడిన చోట అదే తల్లి చాలాసేపటికి ఏ చిన్న ఈగతోనో వస్తుంది, అదీ ముందుగా మెడ సాచిన పిల్లకే దక్కుతుంది.

ఆక్స్‌ఫర్డ్ దగ్గరి వైథమ్ అడవిలో 1947 నుంచి గ్రేట్ టిట్ పిట్టల గూళ్లను గమనిస్తున్నారు. తక్కువ బరువుతో గూడు వదిలిన పిల్లలు తర్వాత బతికి బట్టకట్టే అవకాశం తక్కువని అక్కడ తేలింది. పైగా కాలి ఎముక పొడవు గూటిలో ఉండగానే దాదాపు ఖరారవుతుంది కాబట్టి, తర్వాత ఎంత మేత దొరికినా ఆ లోటు తీరదు. ఐరోపా నగరాల్లో పెరిగిన గ్రేట్ టిట్ పిల్లలు అడవి పిల్లలకంటే తేలికగా ఉంటాయని పలు పరిశీలనలు చెబుతున్నాయి. నత్తగుల్లల సంగతి మనకు తట్టనే తట్టదు గాని, ఎముకలకు కావలసిన కాల్షియం వాటి నుంచీ వస్తుంది. నెదర్లాండ్స్‌లో నేల ఆమ్లమయమై నత్తలు తగ్గిన అడవుల్లో ఈ పిట్టల గుడ్ల పెంకులే పలచబడ్డాయి.

పచ్చగా కనిపించే ప్రతి తోటా మేత పెట్టదు. వాషింగ్టన్ నగర పరిసరాల పెరళ్లలో కరోలినా చికడీ అనే పిట్టపై జరిపి 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పరాయి మొక్కల వాటా 30 శాతం లోపు ఉన్న చోట్లనే వాటి సంతతి నిలదొక్కుకోగలదు. కారణం సులువే: స్థానిక గొంగళి పురుగుల్లో చాలావాటికి పరాయి మొక్కల ఆకులు పడవు.

కాబట్టి పెట్టెలు పంచే సంస్థలు ప్రతి పెట్టెతో పాటు ఆ ప్రాంతపు చెట్టు మొక్క ఒకటి ఇవ్వాలని, పిల్లలను పెంచే నెలల్లో పరిసరాల్లో పురుగుమందు కొట్టవద్దని పెట్టెతో ఇచ్చే కాగితం మీదే స్పష్టంగా రాయాలని కోరుతున్నాను. బరువు తూచే పని మాత్రం శిక్షణ పొందినవారికే వదిలేయాలి. కుతూహలం కొద్దీ మూత తెరిస్తే, ఎగరడం రాని పిల్లలు బెదిరి బయటికి దూకేస్తాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు