చందవరం గురించి చిన్నికి

చిన్నీ,

ఫోన్లో నువ్వు ఒక్క ముక్కలో తేల్చేశావు: "చందవరమా, రెండంతస్తుల బౌద్ధ స్తూపం, శాతవాహనులు, బిట్ పేపర్లో వస్తుందమ్మా" అని. నువ్వన్నదాంట్లో తప్పేం లేదు. కానీ మన దొనకొండ పక్కనే ఉన్నదాన్ని నువ్వు నోట్సులో ఒక లైనుగా చదువుకుంటుంటే నాకు మనసొప్పలేదు. ఫోన్లో చెబుదామంటే నీకు క్లాసు టైమవుతుంది, అందుకే రాస్తున్నాను.

కార్తీకమాసం కదా, వనభోజనానికి ఎక్కడికెళ్దామంటే తమ్ముడు చందవరం అన్నాడు. నాన్న ఆటో మాట్లాడతానన్నారు కానీ వాడు సైకిళ్ళ మీదే వెళ్దామని పట్టుబట్టాడు. నీకు బళ్ళో ఇచ్చిన సైకిల్ నేను తీశాను. చైనుకి నూనె పెట్టి, గాలి కొట్టించి, పులిహోర, పెరుగన్నం వెనక క్యారియర్‌కి కట్టుకుని చీకటితోనే బయల్దేరాం. దారి పొడుగునా కంది చేలు పూత మీదున్నాయి.

ఆటోలో పోతే నేల సంగతి తెలియదు. తొక్కుతుంటే ఎక్కడ మిట్ట, ఎక్కడ పల్లం అన్నది పిక్కలకి తెలిసిపోతుంది. గుండ్లకమ్మ ఏరు దగ్గరపడే కొద్దీ నాకు అర్థమైంది, భిక్షువులు ఈ చోటే ఎందుకు ఎంచుకున్నారో. పొద్దున్నే భిక్షకి ఊళ్ళోకి నడవగలగాలి, నీళ్ళు దగ్గరుండాలి, ధ్యానానికి కూర్చుంటే సందడి ఉండకూడదు. ఏటి పక్కన కొండ మీద ఆ మూడూ కుదిరాయి. అన్నట్టు, సింగరకొండ అంటే మనకి అద్దంకి దగ్గర ఆంజనేయస్వామే గుర్తొస్తాడు కానీ ఈ కొండ పేరూ సింగరకొండే.

పైకి ఎక్కగానే తమ్ముడు చుట్టూ ఒక రౌండు తిరిగొచ్చి "తలుపేదమ్మా?" అన్నాడు. స్తూపానికి తలుపుండదు. లోపల గర్భగుడి ఉండదు. గట్టిగా ఇటుక పేర్చి, దానికి సున్నపురాయి పలకలు తాపడం చేస్తారు. లోపలికెళ్ళి మొక్కేది కాదు, కుడిచేతి వైపు ఉంచుకుని చుట్టూ తిరిగి మొక్కేది. నువ్వు బట్టీ పట్టిన "రెండంతస్తులు" అంటే ఇదే: వేదిక మీద వేదిక, రెండు ఎత్తుల్లో. సాంచీతో పోల్చేది అందుకే. చుట్టుపక్కల చిన్న చిన్న స్తూపాలు, భిక్షువులు ఉన్న విహారాల ఆనవాళ్ళు కూడా ఉన్నాయి.

పలక ఊడిపోయిన చోట ఇటుక బయటపడి ఉంది. తమ్ముడు జాన పెట్టి కొలిచాడు, రెండు జానలు దాటింది. ఇప్పటి బట్టీ ఇటుక దాని ముందు పిల్ల ఇటుక. ఇది కట్టి రెండు వేల ఏళ్ళయింది. క్రీ.పూ. 2వ శతాబ్దం నుంచి క్రీ.శ. 2వ శతాబ్దం దాకా ఇక్కడ భిక్షువులు ఉన్నారంటారు. అన్నాళ్ళు నిలిచింది, ఆ తర్వాత అందరూ మర్చిపోయారు. 1964లో పురావస్తు పరిశోధకులు వేలూరి వెంకట కృష్ణశాస్త్రి గారు గుర్తించేదాకా బయటి లోకానికి తెలియలేదు. 1972 నుంచి 77 దాకా తవ్వకాలు జరిగాయి. ఆయన పేరు నీ నోట్సులో ఉందో లేదో, లేకపోతే రాసుకో.

ఇంకొకటి కూడా నువ్వు తెలుసుకోవాలి. ఇక్కడి శిల్పాలు దొంగలపాలయ్యాయి. బుద్ధుణ్ణి కొలిచే భక్తులను చెక్కిన సున్నపురాయి పలక ఒకటి చేతులు మారి మారి, 2005లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ కొన్న వస్తువుల్లో తేలింది. అది దొంగసొత్తని రుజువయ్యాక 2016లో వాళ్ళు మన దేశానికి తిరిగి ఇచ్చేశారు. నాన్న ఈ సంగతి చెబుతుంటే నాకు కడుపు తరుక్కుపోయింది. గుండ్లకమ్మ ఒడ్డున కూర్చుని ఎవరో ఉలితో చెక్కిన మనుషులు, సముద్రాలు దాటి ఒక గదిలో అద్దాల వెనక నిలబడ్డారు! మన ఊళ్ళవాళ్ళకి ఆ రాళ్ళ విలువ ముందే తెలిసి ఉంటే, కొండ మీద పొద్దస్తమానం నాలుగు కాళ్ళు తిరుగుతూ ఉంటే, అంత తేలిగ్గా ఎత్తుకుపోయేవాళ్ళా? నాకు అలాగే అనిపిస్తుంది. ఆదివారం పూట పిల్లలని వెంటబెట్టుకుని జనం అక్కడికి పోతుండాలి. పోయినవాళ్ళు రాళ్ళ మీద పేర్లు గీకకుండా రావాలి. మేం వెళ్ళినప్పుడు పైన మేం ముగ్గురమే ఉన్నాం.

అన్నాలు కొండ దిగాక చింతచెట్టు కింద తిన్నాం. వచ్చేటప్పుడు ఎదురుగాలి, తమ్ముడు కూడా దిగి కాసేపు నడిచాడు.

సంక్రాంతికి నువ్వొచ్చినప్పుడు మళ్ళీ వెళ్దాం. నీ సైకిల్ నీకిచ్చేస్తాను, నాకు పక్కింటి పిన్ని తన సైకిల్ ఇస్తానంది. పండగ రద్దీకి టికెట్లు దొరకవు, రిజర్వేషన్ ఇప్పుడే చేయించుకో. పరీక్ష టెన్షన్‌లో అన్నం మానెయ్యకు.

మీ అమ్మ