టైర్లు చూశారు సరే, బస్సు లోపల ఏం జరుగుతోందో ఎవరు చూస్తారు?

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన వారం మీ సిటీ పేజీలో స్కూల్ బస్సుల తనిఖీ వార్త చూశాను, ఆఫీసర్ గారు టైరు మీద చెయ్యేసి నిలబడ్డ ఫొటోతో సహా. ఏటా మే 15కి బస్సుల ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గడువు అయిపోవడం, జూన్‌లో బడులు తెరవగానే ఈ ఫొటో పడటం మామూలే, టైరొక్కటే మారుతుంది. ఆ రోజే రాద్దామనుకున్నా, పిల్లాడితో కుదరక ఇవాళ రాస్తున్నా.

మా బాబుకి తొమ్మిదేళ్లు, ఆటిజం, మాటలు లేవు. బస్సంటే ప్రాణం వాడికి. ఎడమ వైపు మూడో సీటు, కిటికీ పక్కన, ఆ సీటు దొరికితే చాలు గంటసేపైనా ఊగుతూ కూర్చుంటాడు. ఫిబ్రవరిలో ఒకరోజు మా బస్సు రిపేర్‌కి పోయిందని వేరే బస్సు, వేరే ఆయాని పంపారు. ముందు రోజు రాత్రి వాట్సాప్‌లో ఒక్క ముక్క పెట్టుంటే ఆ బస్సు ఫొటో నాలుగుసార్లు చూపించి రెడీ చేసేదాన్ని, ఫీజు గడువు మెసేజ్‌లు మాత్రం మూడేసి సార్లు పెడతారు.

సాయంత్రం బస్సు ఆగింది, మా గేటెడ్ కమ్యూనిటీ పిల్లలంతా దిగారు, వీడు దిగలేదు. ఎక్కి చూస్తే నడుముకి పాత చున్నీ చుట్టి సీటు రాడ్డుకి కట్టేసి ఉన్నాడు, వెనక రెండు ముళ్లు. అవి విప్పడానికి నాకే ఐదు నిమిషాలు పట్టింది, డ్రైవర్ ఆగకుండా హారన్ కొడుతూనే ఉన్నాడు, వీడు చెవులు మూసుకుని నా భుజం కొరుకుతున్నాడు. అదే బస్సులో పొగొచ్చుంటే? ఎమర్జెన్సీ డోర్ ఉంది లెండి, ఎర్ర పెయింట్ కూడా కొత్తదే.

"లేచి తిరిగితే పడిపోతాడని కట్టానమ్మా" అంది ఆయా. ఆవిడ మీద నాకు కోపం లేదు, నలభై మందికి ఒక్కతే, చేరి నెలైందట, వీడి సంగతి ఎవరూ చెప్పలేదట. నేను అడ్మిషన్ ఫారంతో రెండు పేజీలు రాసిచ్చా, వైకల్యానికి ఇచ్చే సదరం సర్టిఫికెట్ జిరాక్స్ కూడా పెట్టా, అవి ఏ బీరువాలో ఉన్నాయో మరి. స్కూల్లో ఫుటేజ్ అడిగితే కెమెరా ఉంది గానీ రికార్డింగ్ అవట్లేదన్నారు. పైగా "ఇలాంటి పిల్లల్ని మీరే దింపుకుంటే బెటర్ కదా మేడం" అని సలహా, ఏడాది ట్రాన్స్‌పోర్ట్ ఫీజు జూన్‌లోనే కట్టించుకుని.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ చదువుకోమనండి. గుర్తింపు ఉన్న స్కూళ్లు ఈ పిల్లలకి రవాణా ఇచ్చేలా, ఎక్కువ ఆసరా కావాల్సిన పిల్లలైతే తోడొచ్చే మనిషికి కూడా ఇచ్చేలా ప్రభుత్వమే చూడాలని ఉంది. అది పట్టుకుని ఒక ఆఫీసుకెళ్తే బండి వరకే మాది, పిల్లల సంగతి చదువుల వాళ్లదన్నారు, అక్కడికెళ్తే బస్సు మా పరిధి కాదన్నారు. 2014లో మాసాయిపేట దగ్గర రైలు స్కూల్ బస్సుని గుద్దాక ఎంత హడావిడి చేశారో మనం చూడలేదా, పిల్లలు పోతే తప్ప ఫైలు కదలదా? ఏప్రిల్ 2న ఆటిజం దినమని బిల్డింగులకి నీలం లైట్లు, టీషర్టులు, వాక్‌లు, మంత్రి గారి సెల్ఫీ, 3న కరెంటు బిల్లు తప్ప ఏం మిగలదు. బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో ఇలాంటి పిల్లల కోసమే 1984 నుంచి కేంద్ర సంస్థ ఉంది, దాన్ని ఊళ్లో పెట్టుకుని ఆయాలకి, డ్రైవర్లకి ఒక్క పూట ట్రైనింగ్ ఇప్పించలేరా? రోజూ అదే ఆయా, అదే సీటు, మారితే ముందురోజు కబురు, తాళం వేసే ముందు చివరి సీటు దాకా ఒకసారి నడిచి చూడటం, వీటిలో దేనికి కోట్లు కావాలి?

ఇప్పుడు స్కూటీ మీద నేనే దింపుతున్నా. సిగ్నల్ దగ్గర పసుపు రంగు స్కూల్ బస్సు పక్కన ఆగితే మూడో కిటికీ వైపే చూస్తుంటాడు. ఆ చున్నీ నా దగ్గరే ఉంది, తనిఖీ వాళ్ల లిస్టులో అలాంటి వాటికి ఓ గడి ఉంటే ఏ ఆఫీసులో ఇవ్వాలో మీ రిపోర్టర్‌ని కనుక్కుని రాయమనండి.

ఒక తల్లి,
నిజాంపేట, హైదరాబాద్